మహల్ (1949): మా మేడ మీద ఆటకు వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి కోర్లగుంటలో మా ఇంటి మేడ మీద ఉన్న పెద్ద గదిలో నెలకొక పాత సినిమా వేసుకుని చూస్తుంటాం. ఇరుగుపొరుగు, స్నేహితులు, వాళ్ళ చుట్టాలు కలిపి పాతిక ముప్పై మంది వస్తారు. ఈ ఆదివారం వేస్తున్నది హిందీ సినిమా 'మహల్'. పేరు చెప్పిన రోజు నుంచి ఫోన్‌లోనూ, కూరగాయల బండి దగ్గరా, మెట్ల మీదా అందరూ దాదాపు ఇవే సంగతులు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ముగింపు బయటపడే ప్రశ్నల పక్కన ఆ మాట రాశాను. సినిమా చూడనివాళ్ళు వాటిని దాటేసి మిగతావి చదువుకోవచ్చు.

ఇది దెయ్యం సినిమానా? రాత్రి నిద్ర పడుతుందా?

నిద్ర పడుతుంది. ఉన్నట్టుండి తెర మీద నుంచి ఏదీ మీదికి దూకదు, నెత్తురు కనిపించదు. పాడుబడిన మేడ, వాన, గాలి, ఎక్కడినుంచో ఒక ఆడగొంతు, దాని వెంట చీకట్లో తిరిగే మగమనిషి. పైకి కనిపించే భయం అంతే.

నన్ను భయపెట్టింది మాత్రం వేరే. డబ్బున్న ఇంటి బిడ్డ, నలుగురిలో మర్యాద ఉన్నవాడు, తను పుట్టకముందు ఎవరో ఇద్దరు ప్రేమించుకున్న కథ వింటాడు. విన్న రాత్రే ఆ కథలోని మగవాడిని నేనే అనుకుంటాడు. అక్కడి నుంచి వెనక్కి రాలేడు. తండ్రి, స్నేహితుడు, తాళి కట్టిన భార్య, అందరూ ఎదురుగానే ఉంటారు కానీ అతని చూపు వాళ్ళ మీద నిలవదు. అది ఎంత మెల్లగా జరుగుతుందో చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మనకు తెలిసినవాళ్ళలో ఒకరిద్దరు గుర్తుకొస్తారు కూడా.

కథ ఏమిటి? ముగింపు చెప్పకుండా చెప్పండి.

అలహాబాద్ దగ్గర యమున ఒడ్డున చాలా కాలంగా ఖాళీగా ఉన్న ఒక మహల్. వానరాత్రి కొత్త యజమాని హరిశంకర్ అక్కడికి వస్తాడు. తోటమాలి కృష్ణ అతనికి ఆ మేడ కథ చెబుతాడు. దాన్ని కట్టించినవాడు తన ప్రియురాలు కామినిని అక్కడ ఉంచాడు. ఆమె పగలంతా ఎదురుచూసేది. అతను అర్ధరాత్రి వచ్చి, తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు. ఒక తుఫాను రాత్రి అతను నదిలో మునిగిపోయాడు. మన ప్రేమ ఓడిపోదని చెప్పి మరీ పోయాడు. కొన్నాళ్ళకు కామినీ పోయింది.

కథ విని హరిశంకర్ లోపలికి వెళ్తే గోడ మీద ఒక పటం. అందులో ఉన్నది ఆ చనిపోయినవాడు, ముఖం మాత్రం హరిశంకర్‌దే. అచ్చు గుద్దినట్టు అదే ముఖం. అదే రాత్రి పాట వినిపిస్తుంది. పాట వెంట పోతే ఒక అమ్మాయి కనిపించి మాయమవుతుంది. లాయరు స్నేహితుడు శ్రీనాథ్ అతన్ని అక్కడి నుంచి బయటికి లాగాలని చేయని ప్రయత్నం ఉండదు. తండ్రి పెళ్ళి చేస్తాడు. పెళ్ళికూతురి పేరు రంజన. హరిశంకర్ ప్రాణం మాత్రం ఆ మహల్ చుట్టూనే తిరుగుతుంటుంది. ఇక్కడితో ఆపుతాను.

దీన్ని గోతిక్ సినిమా అంటున్నారు. గోతిక్ అంటే ఏమిటి?

ఇంగ్లండులో 1764లో వచ్చిన ఒక నవలతో మొదలైన కథల వరస ఇది. కోటలు, శిథిలాలు, వంశాల పాత రహస్యాలు, గోడ మీది పటాలు, బతికున్నవాళ్ళని పట్టుకుని వదలని గతం, ఇవన్నీ దాని సామగ్రి. పేరు కొత్తగా ఉంది కానీ సరుకు మనకు కొత్త కాదు. కూలిపోయిన మిద్దె, ఆ మిద్దెలో రాత్రిపూట గజ్జెల చప్పుడు అని మన అవ్వలు చెప్పని ఊరు చిత్తూరు జిల్లాలో ఉందా? తేడా ఒక్కటే. మామూలు దెయ్యం కథలో చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళ వెంట పడతారు. 'మహల్'లో బతికున్నవాడే చచ్చినవాళ్ళ వెంట పడతాడు.

ఎవరు తీశారు? ఎవరు నటించారు?

బాంబే టాకీస్ సంస్థ సినిమా. హిమాంశు రాయ్, దేవికా రాణి 1934లో పెట్టిన స్టూడియో అది. 'మహల్' నాటికి దాని బాగోగులు అశోక్ కుమార్, సావక్ వాచా చూస్తున్నారు, ఈ సినిమా నిర్మాతలూ వాళ్ళే. రాసి దర్శకత్వం వహించింది కమాల్ అమ్రోహీ. దర్శకుడిగా అతనికిదే మొదటి సినిమా. తర్వాత 1972లో 'పాకీజా' ఇచ్చింది కూడా ఈయనే. హరిశంకర్‌గా అశోక్ కుమార్, మహల్లో కనిపించే అమ్మాయిగా మధుబాల, రంజనగా విజయలక్ష్మి, శ్రీనాథ్‌గా కను రాయ్ నటించారు. సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్, పాటలు నక్షబ్ జార్చవీ.

మధుబాల పుట్టింది 1933లో. అంటే ఈ సినిమా నాటికి ఆమెకు పదహారేళ్ళు. తెర మీద చూస్తే నమ్మబుద్ధి కాదు. గొంతు పెంచదు, చేతులు తిప్పదు. నిలబడి, మెల్లగా ముఖం తిప్పి చూస్తుంది. ఎదుటివాడు ఏం ఊహించుకోవాలనుకుంటే అది ఊహించుకునేంత ఖాళీ ఆ చూపులో ఉంచుతుంది. ఈ కథకు కావలసింది సరిగ్గా అదే.

తెలుపు నలుపు సినిమా అంతసేపు చూడగలమా? కళ్ళకు విసుగు రాదా?

ఈ సినిమాకు రంగులుంటే సగం ప్రాణం పోయేది. కెమెరా పట్టింది జోసెఫ్ వీర్షింగ్ అనే జర్మన్. బుద్ధుడి కథ మీద 1925లో మ్యూనిక్ సంస్థతో కలిసి తీసిన మూకీ కోసం మొదటిసారి ఇండియా వచ్చాడు. తర్వాత బాంబే టాకీస్‌లో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక జర్మన్ అయినందుకు బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని నిర్బంధంలో పెట్టింది. యుద్ధం ముగిశాక మళ్ళీ ఇక్కడే కెమెరా అందుకున్నాడు. 'పాకీజా' పనిలో ఉండగానే 1967లో బొంబాయిలో పోయాడు.

ఆ రోజుల్లో జర్మనీ సినిమాలవాళ్ళకు నీడలతో కథ చెప్పే అలవాటుండేది. మనసులో ఉన్న గందరగోళాన్ని గోడల మీద నీడలుగా పరిచేవాళ్ళు. ఆ విద్యను వీర్షింగ్ యమున ఒడ్డు మేడలోకి తెచ్చాడు. అశోక్ కుమార్ ముఖం చూస్తూ ఉండండి. కథ ముందుకు పోయేకొద్దీ ఆ ముఖంలో వెలుగు పడే చోటు తగ్గుతూ వస్తుంది. ఒక చెంప, ఒక కన్ను, అంతే మిగిలే ఘట్టాలున్నాయి. మిగతాదంతా చీకటి తినేస్తుంది.

అందుకే మా గదిలో కిటికీలకు దుప్పట్లు కడుతున్నాం. కిందటిసారి వీధిలైటు వెలుతురు గోడ మీద పడి నలుపు కాస్తా బూడిదరంగు అయిపోయింది. ఈ సినిమాకు అలా కానివ్వం. ఫోన్లు కూడా లోపల పెట్టేయండి. చీకట్లో ఒక్క ఫోన్ వెలిగినా వీర్షింగ్ పడ్డ కష్టమంతా పోతుంది.

"ఆయేగా ఆనేవాలా" పాట ఇందులోదేనా?

ఇందులోదే. ఈ ఒక్క పాట కోసం వస్తామన్నవాళ్ళు అరడజను మంది ఉన్నారు. రండి, పాట మొదలయ్యేలోపే రండి. పాట ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడంలోనే అసలు రుచి ఉంది.

తాళం, వరస అందుకోకముందు కొన్ని పంక్తులు ఉంటాయి. లోకమంతా సద్దుమణిగింది, ఎవరివో అడుగుల చప్పుడు వినిపిస్తోంది అన్న భావంతో, మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతారు. ఆ గొంతు ముందు ఎక్కడో దూరంలో ఉంటుంది. వింటుండగా దగ్గరికొస్తుంది. ఇప్పటి మాదిరి గొంతు దూరాన్ని మీటలు తిప్పి మార్చే సౌకర్యం 1949లో లేదు. మైకుకు దూరంగా నిలబడి పాడుతూ ఒక్కో అడుగు మైకు దగ్గరికి నడిచొచ్చానని లతా మంగేష్కర్ తర్వాత చెప్పుకున్నారు. మనకు వినిపించే ఆ దూరం నిజంగా ఆ గదిలో ఉన్న దూరమే. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

ఇంకో సంగతి. మొదట వచ్చిన గ్రామఫోన్ రికార్డు మీద గాయని పేరు లత అని లేదు, 'కామిని' అని ఉంది. సినిమాలో పాత్ర పేరే వేసేవాళ్ళు, అప్పటి పద్ధతి అది. రేడియోలో విన్నవాళ్ళు పాడిందెవరని ఉత్తరాలు రాశారు. అలా అసలు పేరు బయటికొచ్చింది. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. లేని కామినిని ఉందనుకుని హరిశంకర్ వెతుకుతుంటే, ఉన్న లత కామిని అనే పేరు వెనక కనపడకుండా ఉంది.

ఆ గొంతు మన ఇళ్ళకు వేరే దారిలో ముందే చేరింది. 1955లో వచ్చిన 'సంతానం'లో సుసర్ల దక్షిణామూర్తి స్వరపరిచిన 'నిద్దురపోరా తమ్ముడా' లత పాడిందే. మా ఇంట్లో ఆ పాట తెలియనివాళ్ళు లేరు. 'మహల్' పాట వినేటప్పుడు ఆ గొంతును గుర్తుపట్టి చూడండి, ఆరేళ్ళలో ఏం మారిందో మీకే తెలుస్తుంది.

ఖేమ్‌చంద్ ప్రకాశ్ 1950 ఆగస్టులో కన్నుమూశాడు. పాటకు వచ్చిన పేరును అనుభవించేంత కాలం అతనికి దొరకలేదు.

కోర్లగుంట సంగతి మీకు తెలుసు, రైలు పట్టాలు పక్కనే. ముందుగా పరీక్ష కోసం మేము నలుగురం చూస్తుంటే సరిగ్గా ఆ మొదటి పంక్తుల మీద రైలు కూత పడింది. ఆపి, రైలు పోయాక వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాం. ఆదివారం కూడా అలాగే చేస్తాం. ఎవరూ గొడవ చేయొద్దు.

మాకు హిందీ రాదు. అర్థమవుతుందా?

మాటలు కాస్త బరువైన ఉర్దూలో ఉంటాయి. తిరుపతిలో ఉర్దూ మాట్లాడే కుటుంబాల నుంచి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, వాళ్ళకే అక్కడక్కడా ఆగాల్సి వస్తుందట. కింద ఇంగ్లిషులో అక్షరాలు వస్తాయి. అదీ కష్టమైతే దిగులుపడొద్దు. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు కథ సగం దాకా తెలుగులో చెబుతాను. ఇంటర్వెల్లో మిగతాది.

పిల్లల్ని తీసుకురావచ్చా?

పదేళ్ళు దాటినవాళ్ళని తీసుకురండి. అంతకంటే చిన్నవాళ్ళు విసుక్కుంటారు. ఒక విషం తాగే ఘట్టం, ఒక ఉరిశిక్ష ప్రస్తావన ఉన్నాయి. అది కూడా చూసుకోండి.

సినిమా సాగుతుందని విన్నాం. నిజమేనా?

నిజమే. రెండున్నర గంటలు దాటుతుంది. మొదటి ముప్పావుగంట ఊపిరి బిగబట్టి చూస్తారు. మధ్యలో హరిశంకర్ భార్యను తీసుకుని దూరంగా అడవి ప్రాంతానికి పోయే భాగం బాగా సాగింది. అక్కడి కొండజాతి మనుషులను చూపిన తీరు కూడా నాకు నచ్చలేదు, వాళ్ళను భయపెట్టే వస్తువుల్లా వాడుకున్నారు. కోర్టు ఘట్టంలో మాటలు ఎక్కువ. సినిమా మీద ఇష్టం ఉంది కాబట్టి లోపాలు దాచాలని నేననుకోను.

అయినా ఆ అడవి భాగాన్ని కత్తిరించమంటే ఒప్పుకోను. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

రంజన గురించి అంతలా ఎందుకు చెబుతుంటారు? హీరోయిన్ మధుబాల కదా?

ఈ సినిమాను నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ మధుబాలే గుర్తుండిపోయింది. ఊయల మీద ఆమె, ఆ పాట, ఆ నీడలు. రెండోసారి మా పెద్దమ్మతో కలిసి చూశాను. ఆమెది చంద్రగిరి, ఎనభై దాటాయి. హిందీ ఒక్క ముక్క రాదు, నేను పక్కన కూర్చుని చెబుతున్నాను. అడవిలో రంజన ఒంటరిగా కూర్చున్న ఘట్టం వచ్చింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ పిల్ల తినిందా లేదా అని ఒక్కరన్నా అడిగినారా నాయనా?"

నేను వెనక్కి తిప్పి చూశాను. అడగలేదు. ఆ తర్వాత నాకు సినిమా మొత్తం వేరేగా కనపడింది.

రంజన చేసిన తప్పేమీ లేదు. పెద్దలు చూసిన సంబంధం. మొగుడు కొట్టడు, తిట్టడు. అతని మనసే అక్కడ లేదు. ఎందుకు లేదో ఆమెకు ఎవరూ చెప్పరు. వాళ్ళూ వీళ్ళూ లేని చోటికి తీసుకుపోతాడు, తన పాత ప్రేమ నుంచి పారిపోవడానికట. ఆమె ఆ పారిపోవడంలో ఒక సామాను మాదిరి వెంట పోతుంది. ఆడబిడ్డకు ఉత్తరాలు రాసుకుంటుంది. ఆ ఉత్తరాలు తప్ప ఆమెతో మాట్లాడే మనిషి లేడు. గబ్బిలాలు, గాలి, తలుపు చప్పుడు. మహల్లో మనకు అందంగా కనిపించిన చీకటే ఇక్కడ అసహ్యంగా ఉంటుంది. వీర్షింగ్ ఇది తెలిసే చేశాడని నా నమ్మకం. అదే నలుపు, అదే తెలుపు. అక్కడ ప్రేమకథ వెలుగు, ఇక్కడ ఆ ప్రేమకథకు రోజూ మూల్యం కడుతున్న మనిషి ముఖం.

ఆ భాగం సాగినట్టు ఉంటుందని ఒప్పుకున్నాను. రంజనకు ఆ రెండేళ్ళు అంతకంటే ఎక్కువ సాగాయి. విజయలక్ష్మి పేరు ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేదు. ఆదివారం వచ్చేవాళ్ళు ఆమెను ఒకసారి జాగ్రత్తగా చూడాలని నా కోరిక. ఈ సినిమాను ఎంచుకోవడానికి సగం కారణం అదే.

1949లో జనానికి ఇంత పాత మేడల మీద మనసు ఎందుకు పోయింది?

అప్పుడు దేశమంతా మేడలు ఖాళీ అవుతున్న కాలం. మన వైపు చూసుకోండి. ఇప్పటి చిత్తూరు, తిరుపతి జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. 1948లో జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి వంటి పాత సంస్థానాల వైభవం ముగిసింది. ఉత్తరాదిలో కూడా అదే వరస. నౌకర్లతో కిటకిటలాడిన ఇళ్ళలో ఒక తోటమాలి, ఒక తాళంగుత్తి మిగిలిన రోజులవి. 'మహల్' మొదటి దృశ్యంలో ఉన్నది కూడా అదే, ఖాళీ మేడ, ముసలి తోటమాలి. చూసినవాళ్ళకు అది ఊహగా అనిపించి ఉండదు.

ఖాళీ మేడ ఊరికే ఉండదు, దానికి మనమే కథలు కడతాం. చంద్రగిరికి తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. కోటలో మూడంతస్తుల రాజమహల్, దాని పక్కన రెండంతస్తుల రాణిమహల్ ఉన్నాయి. రాజమహల్లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. 1639లో మద్రాసు స్థలాన్ని ఇంగ్లిషు కంపెనీకి ఇచ్చిన పత్రాన్ని ఆ మహల్‌తోనే ముడిపెట్టి చెబుతారు. నాకు మాత్రం రాణిమహల్ మీదే ధ్యాస. కింది అంతస్తు చూస్తే గుర్రపుసాల మాదిరి ఉంటుంది. అది సేనాధిపతి బస అయి ఉండొచ్చన్న మాట కూడా ఉంది. అయినా ఎవరూ దాన్ని సేనాధిపతి మహల్ అనరు, రాణిమహల్ అనే అంటారు. చిన్నప్పుడు బడి పిల్లలతో పోయినప్పుడు నేను పై కిటికీ వైపు చూసి, రాణి అక్కడే నిలబడి కొండ వైపు చూసేదని పక్కవాడికి చెప్పాను. నాకు ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చింది. వాడు ఇంకొకడికి చెప్పాడు. బస్సు ఎక్కేసరికి ఆ రాణికి ఒక పేరు, ఒక ఏడుపు కూడా వచ్చేశాయి.

హరిశంకర్ మీద నాకు కోపం రాకపోవడానికి కారణం అదే. ఆ కిటికీలో రాణిని నేనూ చూశాను. నేను మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తిన్నాను, అతను రాలేకపోయాడు.

తెలుగులో ఇలాంటి సినిమాలు ఉన్నాయా?

గత జన్మ ప్రేమ అనగానే మనకు 1964 నాటి ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' గుర్తుకొస్తుంది. కానీ దాని గాలి వేరు. అక్కడ గోదావరి, పడవ, పగటి వెలుతురు ఉన్నాయి. పాత జన్మ ఆ జంటను దీవిస్తుంది. 'మహల్'లో పాత కథ ఎవరినీ దీవించదు. హిందీలో దీనికి దగ్గరి చుట్టం అంటే 1958లో బిమల్ రాయ్ తీసిన 'మధుమతి'. అందులోనూ వానరాత్రి, పాత మేడ, ముందు జన్మ ఉన్నాయి. 'మహల్' నచ్చినవాళ్ళు రెండు మూడు నెలలాగితే అది కూడా వేస్తాం.

మహల్లో కనిపించిన అమ్మాయి నిజంగా ఎవరు? (ముగింపు తెలుస్తుంది)

ఆమె కామిని కాదు, దెయ్యమూ కాదు. పేరు ఆశ. తోటమాలి కూతురు.

సినిమా చూసినవాళ్ళలో చాలామంది ఇక్కడ నిరుత్సాహపడతారు. ఇంతేనా, మోసమేనా అంటారు. నాకు మాత్రం ఇక్కడే సినిమా పెద్దదైంది. ఆ పిల్ల ఎలా పెరిగిందో ఆలోచించండి. తోటి పిల్లలు లేని ఖాళీ మేడ. ఆడుకోవడానికి ఎవరివో పాత గదులు. వినడానికి నాన్న చెప్పే ఒకే ఒక్క కథ. కామిని ఎలా ఎదురుచూసింది, అతను ఎలా వచ్చేవాడు, నది ఎలా మింగింది. ఏళ్ళ తరబడి అదే వింటూ పెరిగిన పిల్లకు ఒక వానరాత్రి ఆ పటంలోని మనిషి గుమ్మంలో నిలబడి కనిపిస్తే ఏమవుతుంది? హరిశంకర్ ఆ కథను ఒక రాత్రి విన్నాడు. ఆమె పుట్టినప్పటి నుంచి వింటోంది. అందుకే ఆమె చేసింది మోసమని అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరినీ పట్టుకున్నది ఒకే కథ.

పటంలో ముఖం హరిశంకర్‌ను ఎందుకు పోలి ఉందో నాకు చివరి దాకా తేలలేదు. తేలకపోవడమే బాగుంది.

మరి చివరికి ఏమవుతుంది? (ముగింపు తెలుస్తుంది)

భర్త మనసు ఎక్కడుందో రంజనకు తెలుస్తుంది. ఆమె విషం తాగుతుంది, పోతూ భర్తే ఇచ్చాడని చెబుతుంది. కోర్టులో ఆశ ముసుగు తీసి నిజం చెప్పాల్సి వస్తుంది. హరిశంకర్‌కు ఉరిశిక్ష పడుతుంది. ఆశను పెళ్ళి చేసుకోమని శ్రీనాథ్‌ను కోరతాడు. తర్వాత రంజన రాసిన ఉత్తరం దొరికి అతను నిర్దోషి అని తేలుతుంది. విడుదలై మహల్‌కు వచ్చేసరికి ఆశ, శ్రీనాథ్‌ల పెళ్ళి అయిపోయి ఉంటుంది. హరిశంకర్ అక్కడే ప్రాణం వదులుతాడు.

రంజన అబద్ధం చెప్పిందని ఆమెను తప్పుపట్టేవాళ్ళున్నారు. బతికున్నంతకాలం ఆమె చెప్పిన నిజాన్ని వినడానికి ఎవరూ లేరు. ఆ ఒక్క అబద్ధంతో మాత్రం కోర్టు, పోలీసులు, ఊరు అందరూ ఆమె పేరు పలికారు. దాన్ని ఎలా చూడాలో ఆదివారం మాట్లాడుకుందాం. మా గుంపులో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి, ఇంకా తెగలేదు.

ఒకసారి చూసేశాం. మళ్ళీ రావాలా?

రండి. ఆశ ఎవరో తెలిశాక చూస్తే ఊయల పాట పూర్తిగా మారిపోతుంది. మొదటిసారి మనం హరిశంకర్ కళ్ళతో ఆ గొంతు కోసం వెతుకుతాం. రెండోసారి ఆ ఊయల మీద కూర్చున్న పదహారేళ్ళ పిల్లనే చూస్తాం. వస్తున్న అడుగుల చప్పుడు ఆమెకు వినిపిస్తోంది. చిన్నప్పటి నుంచి విన్న కథ తలుపు తోసుకుని లోపలికి వస్తోంది. ఆమె ఆగిపోవచ్చు, పాట ఆపి లోపలికి పరుగెత్తవచ్చు. పాడుతూనే ఉంటుంది.

టికెట్ ఉందా? ఎన్నింటికి రావాలి? ఏం తెచ్చుకోవాలి?

టికెట్ లేదు. సాయంత్రం ఆరింటికి కథ చెప్పడం మొదలుపెడతాను, ఆరుంపావుకు బొమ్మ పడుతుంది. కుర్చీలు పద్దెనిమిది ఉన్నాయి, అవి పెద్దవాళ్ళకు. మిగతావాళ్ళకు చాపలు. ఇంటర్వెల్లో టీ, బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు మా ఇంట్లోవే. మెట్లు ఇరుకు, రెండో మలుపు దగ్గర బల్బు పోయింది. శనివారం లోపు వేయిస్తాం, అయినా పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకురండి. మా పెద్దమ్మ కూడా చంద్రగిరి నుంచి వస్తోంది. ముందు వరసలో ఎడమవైపు కుర్చీ ఆమెది.